ఆ ఒక్క క్లిప్పు

సాయంత్రం, చనిపోయిన తండ్రి ఆదరణ కూడికలో వేయాల్సిన వీడియో సేవ్ చేయబోతే మూడుసార్లూ ఒకేచోట ఆగి, సాఫ్ట్‌వేర్ మూసుకుపోయింది. ఆయన నడిపిన వీడియో స్టూడియోలోనే కూర్చుని స్టెల్లా కంప్యూటర్ మెకానిక్‌కు ఫోన్ చేసింది.

“ఆ చోట ఏముందండీ?”

“పాత హ్యాండీక్యామ్ క్లిప్పండీ. ప్లే అవకపోతే నిన్న నెట్లోంచి అలాంటివి ఆడించే కోడెక్ ప్యాక్ వేశాను.”

“అదేనండీ. ముందునుంచీ ఉన్న కోడెక్‌తో దానికి పడట్లేదు. తీసేయండి.”

“తీస్తే క్లిప్పు రాదుగా.”

“రాదండీ. వేరే సిస్టంలో దాని ఫార్మాట్ మార్చేంత టైము లేదు. ఈసారికి వదిలేయండి.”

“ఎలా వదలనండీ? నాన్నగారు కనపడేది అందులోనే. మిగతా అన్నిట్లో కెమెరా వెనకాలే ఉన్నారు.”



“అందులో ఏమంటారండీ?”

“‘నన్నెందుకు తీస్తావమ్మా, ఆపెయ్’ అంటారు.”