బల్ల కింద బ్రేకు

అబ్బబ్బ, మీరు కూడా అదే ప్రశ్నా పిన్నిగారూ? ఇంకా పెళ్ళెందుకు కాలేదనా? ఈ సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకున్న ప్రతివాళ్ళకీ మొదటి గేరు పడకముందే ఈ అనుమానం పడుతుంది. పదకొండేళ్ళుగా డ్రైవింగ్ నేర్పుతున్నాను. నా దగ్గర నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళకంటే ఈ మాట అడిగినవాళ్ళే ఎక్కువ.

మీరు మాట్లాడకండి. దారి చూడండి. నేను మాట్లాడతాను. మీరు నోరు విప్పితే బండి ఎడమకి పోతోంది.

ఆ, క్లచ్ మెల్లగా... మెల్లగా అన్నానా! సరే, ఆగిపోయింది. పోనీండి. వెనకాల వాడు హారన్ కొడితే కొట్టుకోనివ్వండి, వాడి సరదా వాడిది. మళ్ళీ తాళం తిప్పండి. ఆఁ, అలాగ.

ముప్పయ్యారండి నాకు. ఏంటీ, అంత కనబడనా? నయం, ఎవరో ఒకరు అన్నారు.

మీకు కాబట్టి చెప్తున్నాను. రెండుసార్లు టెస్టు తప్పి, మీ అమ్మాయి వద్దు మొర్రో అంటున్నా మూడోసారి వచ్చి కూర్చున్నారు చూడండి, మీకైతే చెప్పొచ్చనిపించింది.

ఈ బండిలో కూర్చుంటే నా నోటికి హద్దుండదు కదా? బండి దిగి ఒక ఆడమనిషి ఎదురుగా కూర్చోమనండి. అంతే. నాలుక అట్టముక్క. అయినా మా అక్క ఊరుకోదే. పోయినేడు నా ఫోన్ లాక్కుని, ఆ పరిచయాల యాప్‌లో నా ఫొటో పెట్టేసింది. అదీ, ఈ కారుని ఆనుకుని నిలబడ్డ ఫొటో. వెనకాల ‘నేర్చుకొనువారు’ అన్న బోర్డుతో సహా!

మొదటావిడ బ్యాంకులో క్యాషియరు. కాఫీ షాపులో కలిశాం. బాగానే సాగుతోంది. ఉన్నట్టుండి ఆవిడ, "నేను సూటిగా అడుగుతాను, మీకు కోపమెక్కువా?" అంది. ఎదురుగా ఏదైనా టక్కున వస్తే నా కుడికాలు ఏం చేస్తుందో మీకు తెలుసు కదా, ఇందాక ఆ కుక్క అడ్డమొచ్చినప్పుడు నా వైపున్న బ్రేకు ఎలా తొక్కానో చూశారుగా? తొక్కేసింది. గట్టిగా. బల్ల కింద బ్రేకెక్కడిదండీ? ఆవిడ పాదం!

నవ్వండి, నవ్వండి. అద్దం చూస్తూ నవ్వండి.

నేను ఇల్లు చేరేలోపే మెసేజ్ వచ్చేసింది. "మనకి కుదరదండి" అని. రెండే రెండు మాటలు. నేను మూడు రోజులు మంచం దిగలేదు. నడుం పట్టేసిందని స్కూలు ఓనరుకి చెప్పి ఫోన్ ఆపేశాను. నాలో ఏదో పెద్ద లోపముంది, అది ఆవిడకి గంటలో కనబడిపోయింది, ఇక ఊరందరికీ కనబడుతుంది... ఇదే ఆలోచన.

అక్క వచ్చి కిటికీలు తెరిచింది. "ఆవిడ వద్దన్నది ఒక్క సాయంత్రాన్ని రా. నీ ఇన్నేళ్ళ బతుకుని కాదు. లేచి స్నానం చెయ్యి, కంపు" అంది. మాట ఎంత బాగుందో, చివరి ముక్క అంత బాగా పనిచేసింది.

కుడివైపు తిప్పాలి. ఇండికేటర్... అది వైపర్ అండి. వాన లేదు. ఆ, ఇప్పుడు సరిపోయింది.

ఇక మా బావ రంగంలోకి దిగాడు. ఆయనకి పరుపుల షాపు. "ధైర్యం లేకపోతే ఉన్నట్టు కనబడాలోయ్! గొంతు లావు చెయ్యి. కళ్ళలోకి చూడు. రెప్ప వెయ్యకు" అన్నాడు. నేనూ వారం రోజులు ఇదిగో, ఈ అద్దంలో చూసుకుంటూ సాధన చేశాను.

రెండో ఆవిడ మందుల షాపులో చేస్తుంది. వెళ్ళి కూర్చుని, గొంతు లావు చేసి, కళ్ళలోకి చూశాను. నిమిషం, రెండు నిమిషాలు. ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, బ్యాగులోంచి చిన్న సీసా తీసి, "కళ్ళు మండుతున్నాయా? రెండు చుక్కలు వేసుకోండి. గొంతు కూడా పట్టేసినట్టుంది" అంది!

ఇంకేం దాస్తాను? "మా బావ రెప్ప వెయ్యొద్దన్నాడండి" అనేశాను. ఆవిడకి నవ్వి నవ్వి పొలమారింది. అదే మొదటిసారండీ, నేను ఒకావిడ ముందు మామూలుగా కూర్చోవడం.

నాలుగుసార్లు కలిశాం. ఐదోసారి, మధ్యాహ్నం షాపు మూశాక బయట బల్ల మీద కూర్చుని పెళ్ళి మాట అడిగేశాను. ఎలా అడిగానో నాకే తెలీదు. ఆవిడ తాళంచెవి తిప్పుకుంటూ, "మీతో ఉన్నంతసేపూ హాయిగా ఉంటుంది. కానీ మీరెప్పుడొస్తారా అని నేను ఎదురుచూడటం లేదండి" అంది.

అయ్యో అనకండి. ఎంత మర్యాదగా చెప్పింది! నేను కూడా, "దాచకుండా చెప్పారు, సంతోషమండి" అని, ఆవిడ బస్సెక్కేదాకా తోడు నిలబడి, చెయ్యి ఊపి మరీ వచ్చాను. మా బావ చూసుంటే దండ వేసేవాడు.

ఇంటికెళ్ళాక? బూట్లు కూడా విప్పకుండా కూర్చుని ఏడ్చానండి. అరగంట. తర్వాత ఏమైందో తెలుసా? ఆకలేసింది. ఆశ్చర్యపోయాను నేను. లేచి, వంట చేసుకుని, మొత్తం తిని, మర్నాడు పొద్దున ఆరింటి క్లాసుకి వచ్చాను. ఈసారి మూడు రోజులు మంచం పట్టలేదు, అరగంటలో లేచాను. అది చిన్న సంగతేం కాదు పిన్నిగారూ.

ఇవాళా? అదే చెప్పబోతున్నా. ఐదున్నరకి ఇంకొకావిడ. లైబ్రరీలో పని. జనం పుస్తకాల్లో మర్చిపోయినవన్నీ ఒక పెట్టెలో దాస్తుందట. బస్సు టికెట్లు, తలపిన్నులు, ఒకసారి ఏకంగా దువ్వెన! రెండు వారాలుగా ఫోన్లో మాట్లాడుకుంటున్నాం. కలవడం ఇదే మొదలు.

ఒక మాట చెప్తాను, తిట్టకండి. పొద్దున్నే "జ్వరంగా ఉంది, ఇవాళ రాలేను" అని టైపు చేసి పెట్టుకున్నాను. పంపలేదు, చెరపనూ లేదు. క్లాసు క్లాసుకీ తీసి చూసుకుంటున్నాను.

ఆ... ఫోన్ మోగింది. ఆవిడేనేమో. కాస్త పక్కకి తీసి ఆపండి. హ్యాండ్‌బ్రేకు లాగండి.

"క్షమించాలి. జ్వరంగా ఉంది, ఇవాళ రాలేను."

నవ్వకండీ! నిజంగానే జ్వరమేమో పాపం. నన్ను వద్దనుకుందేమో కూడా. రెండూ అయ్యుండొచ్చు. పోయినేడైతే ఈపాటికి మీరు నన్ను ఇంటికి మోసుకెళ్ళాల్సొచ్చేది.

ఉండండి, రాస్తాను. "ఫర్వాలేదండి. పొద్దుట్నుంచి నేనూ ఇదే మెసేజ్ టైపు చేసి పెట్టుకున్నాను, భయమేసి. మీది అసలు జ్వరమైతే తగ్గాక చెప్పండి. నా జ్వరం లాంటిదైతే ఐదున్నరకి అక్కడే ఉంటాను. రాకపోయినా ఏమీ అనుకోను."

ఏంటీ, "భయమేసి" తీసెయ్యాలా? వద్దు పిన్నిగారూ. దాన్ని తీసేస్తే ఇక అందులో ఏముంది?

పంపేశా.

...

చూసింది. ఏదో రాస్తోంది. ఆపేసింది. మళ్ళీ రాస్తోంది. ఇంతసేపా? ఏం రాస్తోంది, నవలా?

వచ్చింది! మీరు చదవండి, నాకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి. వద్దులెండి, నేనే. "మాత్ర వేసుకుని వస్తున్నా. జ్వరం ఎంతని మాత్రం అడక్కండి."

వస్తుందట! విన్నారా, వస్తుందట!

ఏంటండీ అలా చూస్తారు? ఆనందంగానే ఉంది. కానీ ఒకసారి నా నుదుటి మీద చెయ్యేసి చూడండి పిన్నిగారూ... నిజంగానే జ్వరమొచ్చేసినట్టుంది.