పువ్వు నాది, ఫోటో ఆయనది

"చదవండి! మూడో పేజీ. పైనుంచి కిందదాకా చదివి, అందులో నా పేరెక్కడుందో వేలు పెట్టి చూపించండి. చూపిస్తే ఈ మీసం ఇక్కడే తీసేస్తాను!"

డ్రైవరు పేపరుని బల్ల మీద విసిరిన విసురుకి టీ గ్లాసులు గలగలమన్నాయి. ఆయన ఎదుటి మొక్కల పరిశోధన సంస్థలో ముప్ఫై ఏళ్ళుగా జీపు నడుపుతున్నాడు. పదకొండింటికి టీ కొట్టులో ఆయన నోరు విప్పాడంటే గేటు వాచ్‌మన్‌కి గేటు గుర్తుండదు, తోటమాలికి తోట గుర్తుండదు. కోతలని అందరికీ తెలుసు, తెలిసే వింటారు. కానీ ఇవాళ ఆయన సరదాకి కొయ్యడం లేదు. నిజంగానే కడుపు రగిలిపోతోంది.

ఇంతవరకు ఎవరూ వెళ్ళి వెతకని కొండల్లో కొత్త ఆర్కిడ్ జాతి దొరికిందని పేపర్లో పడింది. ప్రొఫెసరుగారి నవ్వు మొహం, పక్కన తెల్లటి పువ్వు, వెనకాల జీపు బానెట్టు. బానెట్టుకి దక్కిన మర్యాద కూడా డ్రైవరుకి దక్కలేదు.

ఆయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "డైరెక్టరుగారికి అర్జీ. పువ్వు కనిపెట్టింది డ్రైవరే, ఆయన పేరు చేర్చాలి అని. మీరంతా కింద సంతకాలు పెట్టాలి. వచ్చే నెల రిటైరైపోతున్నాను. ముప్ఫై ఏళ్ళలో నా పేరు ఎక్కడన్నా అచ్చయిందా? ఈ ఒక్కచోటా పడకపోతే నేనిక్కడ పనిచేశానని చెప్పడానికి ఏం మిగుల్తుంది?"

"సంతకానికేం భాగ్యం అన్నా," అన్నాడు టీ కొట్టాయన. "ముందు ఎలా కనిపెట్టావో చెప్పు."

"ఏముంది, మామూలుగానే బయల్దేరాం. నేను స్టీరింగు దగ్గర, ప్రొఫెసరుగారు వెనక సీట్లో వాంతుల సంచి దగ్గర. దారి బాగుందనుకునేరు, అసలు దారే లేదు! నేను వెళ్ళాక వెనక్కి తిరిగి చూస్తే, అప్పుడు పడి ఉంది దారి. ఎంత ఎత్తో తెలుసా? జీపు నిట్టనిలువుగా లేచిపోయింది. బ్రేకు మీద కాలు పెట్టడం కాదు, బ్రేకు మీద నుంచున్నాను!"

"మరి ప్రొఫెసరుగారు?"

"వెనక తలుపు మీద వెల్లకిలా పడుకుని గురక. ఫోటో మాత్రం ఆయనది! సరే, పైకెళ్ళేసరికి పొగమంచు. మీ అద్దాల మీద పట్టే మంచు కాదయ్యా, వైపరు వేస్తే వైపరు విరిగింది. ఇక లాభం లేదని పానా పట్టుకుని దిగి, కొట్టి, పెళ్ళలు పెళ్ళలుగా తీసి పక్కన పేర్చుకుంటూ పోయాను. అంతలో గుప్పున వాసన! ఎక్కణ్ణుంచి? మూడు కొండల అవతల్నుంచి. లైట్లు ఆర్పేశాను, కళ్ళు మూసుకున్నాను, ముక్కు ఎటు తిరిగితే స్టీరింగు అటు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెట్టుకి గుద్దావా?" అన్నాడు తోటమాలి.

"నీ చీపురు నడపడం కాదు ఇది! ఫ్యాన్ బెల్టు తెగింది. చుట్టూ చూస్తే ఒక్క కొట్టు లేదు, మెకానిక్కు లేడు. ప్యాంటు పైకి లాగి చూస్తే కాలికో జలగ, బారెడుంది. తీసి బెల్టులా బిగించాను. నలభై కిలోమీటర్లు లాగిందా లేదా అడగండి!"

"అది ఇంజన్లో రక్తమెక్కడ తాగిందన్నా?"

"ఆయిలు తాగింది. దిగేటప్పుడు చూస్తే రెండు లీటర్లు తక్కువుంది. లెక్క అడిగితే ఏం చెప్పను, జలగని తీసుకొచ్చి నిలబెట్టనా? ఇన్ని పడ్డవాడి పేరు లేదు, నిద్రపోయినాయన పేరు రెండు చోట్ల!" డ్రైవరు పేపరు మీద గట్టిగా చరిచాడు. "ఇక చెట్టు సంగతి వినండి. పొద్దున గడ్డం గీసుకుని ఎక్కడం మొదలుపెట్టాను, చివరికి చేరేసరికి గడ్డం రొమ్ము దాకా వచ్చింది. మధ్యలో ఓ మబ్బు అడ్డొస్తే భుజంతో తోసి పైకెక్కాను. చిట్టచివర ఉంది పువ్వు. స్టీరింగంత! నన్ను చూసి ఇటు తిరిగింది."

"పేపర్లో గోరంతే అని రాశారే?" అన్నాడు వాచ్‌మన్.

"ఎండితే అంతే అవుతుంది! నువ్వు ఎండు ద్రాక్ష చూళ్ళేదూ? కోశాను, గొడుగులా తలమీద పట్టుకున్నాను, దూకాను. సరిగ్గా డ్రైవరు సీట్లో దిగాను. అప్పుడు లేచారు ప్రొఫెసరుగారు. ఒళ్ళు విరుచుకుని, 'ఏమిటోయ్ ఆ పువ్వు?' అన్నారు. ఇదీ ఆయన కనిపెట్టడం!"

కొట్టంతా గొల్లుమంది. టీ కొట్టాయన సంతకానికి కలం కోసం చెవి మీద తడుముకున్నాడు. మూల బెంచీ మీద అట్టలమ్మాయి మాత్రం నవ్వలేదు. ఎండబెట్టిన మొక్కల్ని అట్టల మీద అతికించడం ఆమె పని, అందుకే ఆ పేరు. చేతికంటిన జిగురు గోటితో గీకుతూ అడిగింది.

"బాబాయ్, చెట్టెక్కి చేత్తో కోశావు కదా?"

"కోశాను."

"మరి దాని మీద టైరు అచ్చెలా పడింది?"

డ్రైవరు బల్ల మీది పేపరు తీసి మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"నేనే అతికించాను," అంది ఆమె. "రెండాకులు, మూడు పువ్వులు, వాటికి అడ్డంగా టైరు గీతలు. కుంచెతో రెండ్రోజులు బురద దులిపాను. ప్రొఫెసరుగారి నోటుపుస్తకం కూడా నా బల్ల మీదే ఉంది. 'జీపు బురదలో దిగబడింది. డ్రైవరు విరిగిపడ్డ కొమ్మ లాక్కొచ్చి చక్రం కింద వేశాడు. జీపు బయటపడింది. చూస్తే కొమ్మ మీద ఆర్కిడ్' అని రాసుంది. జలగ సంగతి ఎక్కడా లేదు."

వాచ్‌మన్‌కి టీ ముక్కులోకెక్కింది. తోటమాలి కళ్ళు తుడుచుకున్నాడు. డ్రైవరు మొహం కందగడ్డ అయింది.

"నవ్వండి, నవ్వండి! కొమ్మ తెచ్చిందెవరు, నేనా ఆయనా? వానలో మోకాళ్ళ దాకా దిగిందెవరు? అదన్నా నిజమే కదా, అదెందుకు రాయలేదు?" ఈసారి గొంతులో కోత లేదు.

"నేనూ అదే అడిగాను పొద్దున. 'ఆయనే వద్దన్నాడమ్మా' అన్నారు ప్రొఫెసరుగారు. జీపు దిగబడ్డ సంగతి ఎవరికీ తెలియకూడదు, బండి ఎక్కడా ఆగలేదని ముప్ఫై ఏళ్ళ పేరుంది, ఈ ప్రయాణంలో నా మాటే ఎత్తకండి అని దారి పొడుగునా బతిమాలావట. ఒట్టు కూడా వేయించుకున్నావట."

డ్రైవరు మెల్లగా బెంచీ మీద కూర్చున్నాడు. వేయించుకున్న మాట నిజమే. ఆ రోజు ఆయన కంటికి అది పువ్వు కాదు, చక్రం కింద పెట్టిన చెత్త. పొద్దుట్నుంచి మోస్తున్న కోపాన్ని ఇప్పుడెవరి మీద దించాలో ఆయనకి తెలియలేదు. దించితే తన మీదే దించుకోవాలి.

అట్టలమ్మాయి లేచి దగ్గరికొచ్చింది. "అట్టకి కింద ఓ చీటీ ఉంటుంది బాబాయ్. మొక్క మొదట ఎవరి చేతికొస్తే వాళ్ళ పేరు అందులో రాస్తాం. అది మా గది పద్ధతి. ప్రొఫెసరుగారు ఆ గీత ఖాళీగా వదిలారు. నువ్వు ఒప్పుకుంటే రాయమన్నారు. సాయంత్రం అట్ట బీరువాలోకి పోతుంది. తర్వాత దిద్దడం ఉండదు. వందేళ్ళయినా ఎవరు తీసి చూసినా అదే పేరు."

"పేపరు?"

"పేపరు రేపటికి పొట్లం."

ఆయన కళ్ళలోకి కాస్త వెలుగొచ్చింది. "అయితే రాసెయ్యి."

"పేరు కింద ఎలా దొరికిందో కూడా రాయాలి."

"చెట్టు చివర..."

"కుదరదు."

"పోనీ బురద అనకుండా, నేల కాస్త తడిగా ఉందని?"

"టైరు అచ్చు కనిపిస్తూనే ఉంది బాబాయ్."

డ్రైవరు అందరి మొహాలూ చూశాడు. ఇవాళ్టి నుంచి రిటైరయ్యేదాకా, బహుశా ఆ తర్వాత కూడా, ఈ కొట్టులో తన పేరు బురదతో కలిపే పలుకుతారు. ఆ ముక్క ఆయనకి బాగా తెలుసు. చేతిలోని అర్జీని నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు. లేచి అట్టలమ్మాయి పక్కకొచ్చి, వాచ్‌మన్‌కి కూడా వినిపించనంత చిన్న గొంతుతో అన్నాడు.

"జీపు బురదలో దిగబడింది. నడిపింది నేనే. అలాగే రాయి. ఇంటిపేరు మాత్రం ఒక్క అక్షరంతో సరిపెట్టకమ్మా, పూర్తిగా రాయి."