చీటీలో రాని పేరు

ఉద్దానంలో సముద్రం ఒడ్డున ఓ ఊరు. అసిరమ్మ ఇంటి అరుగు మీద, కిడ్నీ జబ్బు గురించి పరిశోధన చేసే బృందం నుంచి వచ్చిన భారతి.

“మా సర్వేలోంచి నీ పేరు తీసేశారు పిన్నీ.”

“అదేటి? రగతం తీసుకెళ్ళినావు కదమ్మా!”

“తీసుకెళ్ళాను. మా సారు ఒప్పుకోలేదు. జబ్బున్నోళ్ళనీ లేనోళ్ళనీ పక్కపక్కన పెట్టి చూస్తాం కదా, ఏ నీళ్ళు తాగేరు, ఏ పని చేసేరు అని. లేనోళ్ళని చీటీ తీసే ఎంచాలి. నీ పేరు రాలేదు. నువ్వే వచ్చి బతిమాలేవు.”

“వత్తే తప్పేటి?”

“తనంతట తానొచ్చే మనిషికి ఏదో కారణం ఉంటాదట. అలాటోళ్ళని కలిపేస్తే లెక్క పక్కదారి పట్టేస్తాది.”

“నాకేటి కారణం! ఊరికే... సేపలు ఎండెట్టుకోవాల, నాను లెగుత్తాను.”

“కూర్చో పిన్నీ. ఎందుకడిగేవు?”

“ఊరికే అన్నాను కదేటి. లెక్కలో ఎయ్యకపోతే మానీ. రగతం మాట సెప్పు. బాగున్నాది కదా?”

“ఒంట్లో ఎలా ఉంటంది? కాళ్ళు వాపులూ అవీ...”

“రాయిలాగున్నాను. బాగున్నాదా, లేదా?”

“రెండుసార్లు పరీక్ష చేయించేను.”

“రెండుసార్లేల?”

“మొదటిసారి నమ్మలేక.”

“...సెప్పు.”

“నీకూ వచ్చింది పిన్నీ. ఇప్పుడే మొదలు. మందులు వాడి, నొప్పి బిళ్ళలు మానేస్తే ఇంకా చాలా ఏళ్ళు...”

“ఓలమ్మో! ఆ ఏళ్ళు నాకొద్దే. కిడ్నీ ఇవ్వడానికి పనికొత్తాదా, అది సెప్పు.”

“ఎవరికి?”

“మా తమ్ముడు ఎల్లాజీకి. డయాలిసిస్‌కి ఇంక పలాస ఎల్లనని మొండికేసినాడు. నాది ఇత్తాన్రా, అందాక ఎల్లరా అని మాటిచ్చి పంపుతన్నాను. ముందు ఆడికి తెలీకుండా సూసుకుందారని నీ కాడికొచ్చినాను.”

“...పనికిరాదు పిన్నీ. డాక్టర్లు ఒప్పుకోరు.”

“సిన్నగా! లోపలే తొంగున్నాడు.”

“మీ ఇంట్లో ఇంకెవరైనా...”

“ఇంకెవులున్నారే? అమ్మా అయ్యా ఈ రోగంతోటే పోనారు.”

“దాచకు. అతనికి చెప్పాలి.”

“సెప్తే ఈయేల్టి నుంచే మానేత్తాడు. మానేత్తే ఎన్నాళ్ళుంటాడు?”

“అది కాదు పిన్నీ...”

“ఉష్! లేసినాడు.”

“అప్పా! ఎవులొచ్చేరు?”

“సర్వే పిల్లరా ఎల్లాజీ. నా కిడ్నీలు బంగారంలాగున్నాయట. లెగు, పలాస బస్సొచ్చీసే ఏళయింది.”