నాకు పొయ్యని అమెరికా పాలు

"అవ్వా, రేడియోలో అమెరికా మాట వొస్తే సాలు, మూతి తిప్పుకుంటావు. యాల?"

యాలా? నువ్వు అడిగితివి గాబట్టి చెప్తా, నవ్వాకప్పా.

యుద్ధం అయిపోయిన కొత్త. అప్పుడు మేము మదనపల్లిలో, మిషన్ కాంపౌండు ఎనకాల ఈదిలో ఉంటిమి. మాయమ్మ పుంగనూరు ఆవునొకదాన్ని సాకుతాండె. పొట్టిది, నా నడుమెత్తు... కాదులే, అప్పుట్లో నా భుజాల కాడికి వొచ్చేది. పాలు మాత్రం, అబ్బా, మీగడ ఏలితో ఎత్తచ్చు. దాన్ని మా తాత పుంగనూరు నుంచి నడిపించుకోనొచ్చె. ఆయప్పకి కుప్పంలో గుడకా ఒక సంసారం ఉండాదని... అదొక కత, వొద్దులే.

సరే, ఆ కాంపౌండులోకి అమెరికా నుంచి పీపాల్లో పాలపొడి వొచ్చె. కరువు పిల్లోళ్ళకి ఊరికే పోస్తారంట. నాతో బడికొచ్చే రూతుకి దినామూ గలాసుడు. అది మూతిమీద తెల్లగీత తుడుచుకోకుండానే బడికొచ్చేది, నాకు కనపడల్లని. కడుపు రగిలిపోయేది సూడు! మా ఇంట్లో చెంబుడు పాలుంటే మాత్రం ఏం, అవి అమెరికావి కాదు గదా.

కాఫీ అంగడి కాడ మొగోళ్ళదీ అదే పంచాయితీ. "జపాను మీద అంత బాంబు ఏసినోళ్ళు మనకి పాలు పోస్తాండారంటే ఊరికేనా? రేపు మనం వాళ్ళ పక్క నిలబడల్లని" అని మా చిన్నాయన. ఇంగొకాయప్ప, "ఇంగ్లీషోడు మూట కట్టుకుంటాండాడు గదా, ఆ జాగా యీళ్ళకి కావల్ల" అనె. ఎవురు ఎవురి పక్క నిలబడితే నాకేం? నా గలాసు యాడ?

ఒకనాడు నేనూ గలాసెత్తుకోని వరసలో నిలబడితి. ఆడ ఒక దొరసాని పిల్లోళ్ళని తక్కెట్లో కూసోబెట్టి తూస్తాండాది. బక్కోళ్ళకే పాలు. నా బుగ్గ గిల్లి, నవ్వి, పక్కకి పంపించేసె. రూతు సూసింది! సచ్చిపోదామనిపించె.

ఆ పొద్దునుంచి మా ఆవు పాలు ముట్టుకుంటే ఒట్టు. పెరుగొద్దు, సంగటి సగం. మాయమ్మకి బయం పట్టుకునె. నాకు దిష్టి తీసె. ఆవుకేమన్నా రోగమేమో అని పొదుగు తడిమి తడిమి సూసుకునె. "నా పాలు ఏం పాపం చేసినాయే" అని ఏడ్సె. నేను నోరు తెరిస్తేనా?

కొన్నాళ్ళకి మళ్ళా వరసలో నిలబడితే, ఆకరికి తక్కెట్లో నా తట్ట పైకి లేసె. గలాసు నిండా పోసిరి. ఒక గుక్క తాగితి... ఏందో, సుద్ద కలిపిన నీళ్ళ మాదిరి. అయినా పారబొయ్యలా, రూతు సూస్తాండాది గదా. ఇంటికెత్తుకోని పోయి, "అమ్మా, అమెరికా పాలు. బక్కోళ్ళకే పోస్తారంట" అంటి.

అప్పుడు తెలిసె ఆయమ్మకి, నేను యాల సిక్కిపోయినానో. కొడుతుందనుకుంటి. కొట్టలా.  ఆ పాలు కాంచి, మా ఇంటి పెరుగు చుక్కేసి తోడుపెట్టె. పొద్దన్నే ఆ పెరుగు నా ముందర పెట్టి, "నీ అమెరికా తోడుకోవల్లంటే మన ఆవే కావల్సొచ్చెనే. తిను" అనె.

తింటి. తిని బడికి పోతే, ఆడ రూతు మూతి సూసినానో లేదో మళ్ళా అదే మంట! ఇప్పటికీ సల్లారలేదప్పా, నీకు దాపరికమేముంది. నీకు మాత్రం ఈ గుణం రాకూడదు నాయనా. నీ ఇంట్లోది నీకు రుచిగా ఉండల్ల. సల్లంగా బతుకు.