ఒంటెద్దు బండికి రెండు నక్షత్రాలు

"ముందు కూర్చోండమ్మా, ప్రశ్న ఎక్కడికీ పోదు. ఇస్హాక్ భాయ్, ఆ స్టూలు తుడిచి ఇటు జరుపు. గురువారం కదా, ఇప్పుడే పంజాగుట్ట బాబా గుళ్లో హారతి కళ్లకద్దుకుని వస్తున్నాను. ఇదిగో ఊది, పెట్టుకోండి. ఇదిగో పటికబెల్లం, నోట్లో వేసుకోండి. సాయిరాం. ఆఁ, ఇప్పుడు చెప్పండి, ఏంటి మీ సందేహం?"

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందు అది. సాయంత్రం బ్యాచీలు వదిలే వేళ. తలెత్తితే జావా, ఒరాకిల్, టెస్టింగ్ బోర్డులే తప్ప ఆకాశం కనబడదు. ఆ బోర్డుల కింద ఇస్హాక్ చాయ్ దుకాణం, దుకాణం ముందు బల్ల, బల్ల మధ్యలో అచ్యుతరావు గారు. ఆయన బీమా ఆఫీసులో ముందే రిటైర్‌మెంట్ పుచ్చుకుని, ఎదురుగా ఉన్న ఇంటర్నెట్ సెంటర్లో రోజూ గంటసేపు కూర్చుని 'నిక్కచ్చి' అనే బ్లాగు రాస్తారు. కొత్త పుస్తకాలకు అందులో నక్షత్రాలు వేస్తారు. ఐదుకి ఎన్ని వస్తాయన్నది ఆయన చేతిలో పని.

స్టూలు మీద కూర్చున్నావిడ కమలకుమారి. ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసులో టైపిస్టు. 'ఒంటెద్దు బండి' ఆవిడ మొదటి కథల పుస్తకం. మూడు నెలల కిందట నిక్కచ్చిలో దానికి రెండు నక్షత్రాలు పడ్డాయి. సమీక్షలో చివరి వాక్యం ఆవిడకు కంఠతా వచ్చు: 'రచయిత్రి రెండో పుస్తకం జోలికి వెళ్లకపోవడమే మేలు.' అది చదివిన రోజు నుంచి ఆవిడ కథ అనేది రాయలేదు.

"సందేహం ఒక్కటేనండీ" అంది. "మీరు నా పుస్తకం మొత్తం చదివారా? చదివి ఆ మాటంటే ఇక రాయను. చదవకుండా అంటే రాసుకుంటాను. అది తేల్చుకుందామనే వచ్చాను."

బల్ల చివర దుర్గేష్ అనే కుర్రాడు జావా మెటీరియల్ ఒళ్లో పెట్టుకుని చాయ్ తాగుతున్నాడు. జగిత్యాల నుంచి కోర్సు కోసం వచ్చాడు. ఆవిడ పుస్తకం పేరు వినగానే గ్లాసు కింద పెట్టాడు. "సార్, గా పుస్తకం..."

"ఆగు తమ్ముడూ, పెద్దవాళ్లం మాట్లాడుకుంటున్నాం. ఇస్హాక్ భాయ్, విన్నావా? నేను చదివానా అని అడుగుతున్నారు! నన్ను!"

"ఆమెకు తెల్వదు కద రావు సాబ్. మీరు చెప్పుండ్రి."

"చెప్పాలి. చెప్పకపోతే ఈ ఊళ్లో నిజాయితీ అనే మాటకి అర్థం ఉండదు. అమ్మా, కిందటి ఏడాది కృష్ణానగర్ నుంచి ఒకాయన వచ్చాడు. సినిమాలకు మాటలు రాద్దామని ఊరొదిలి వచ్చి, అవకాశం రాక నవల రాసినాయన. చేతిలో నవల, చంకలో కాజాల డబ్బా. 'అచ్యుతరావు గారూ, మీరు నాలుగు నక్షత్రాలు వేస్తే నా బతుకు బాగుపడుతుంది' అన్నాడు. నేనేం చేశానో తెలుసా? ఆయన ఎదురుగానే కాజా తిన్నాను. ఒకటి కాదు, మూడు. మా తణుకులో సుత, అదే మీరంటారే సుత అని, అంత మెత్తటి కాజా దొరకదు. తిని, చెయ్యి కడుక్కుని, నవల ముందునుంచి ఒకసారి చదివాను. వెనకనుంచి ఒకసారి చదివాను. తులసికోట ముందు ఒంటికాలి మీద నిలబడి మూడోసారి చదివాను."

"ఒంటికాలు ఎందుకు సాబ్?"

"రెండు కాళ్ల మీద నిలబడితే ఏదో ఒక పక్షానికి ఒరుగుతాం భాయ్. ఒంటికాలైతే ఒరిగిన వెంటనే పడతాం. పడలేదు. సాయంత్రానికి బ్లాగులో పెట్టేశాను. కాజాకి ఐదు, నవలకి ఒకటిన్నర."

చుట్టూ నిలబడ్డ కోచింగ్ పిల్లలు నవ్వారు. అచ్యుతరావు గారు కండువా సర్దుకున్నారు. వినేవాళ్లు ఇద్దరుంటే ఆయన గొంతు మామూలుగా ఉంటుంది, ఆరుగురైతే హరికథ అందుకుంటుంది. ఇప్పుడు పదిమంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు పొద్దున పంజాగుట్ట సిగ్నల్ దగ్గర నాలుగు రోడ్లూ ఆగిపోయాయి. ఏంటా అని వెళ్లి చూస్తే ఆటోవాళ్లు దిగి కొట్టుకుంటున్నారు. ఆ ఒకటి సరే, ఆ అర దేనికిచ్చినట్టు అని! కథకా, శైలికా? ఖైరతాబాద్ వైపు వాళ్లు కథకంటారు, బేగంపేట వైపు వాళ్లు శైలికంటారు. హనుమాండ్లు అని ట్రాఫిక్ కానిస్టేబుల్, పాపం, ఈల నోట్లోంచి తీసి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. 'సార్, రెండు చెయ్యండి సార్, అర తీసేస్తే గొడవ వదుల్తది, అంబులెన్సులు ఆగినయ్' అన్నాడు. నేనేమన్నాను? 'నాయనా, అంబులెన్సుకి దారి నేనే ఇప్పిస్తాను, కానీ అర నక్షత్రం పెంచను' అన్నాను. అని ఆ డివైడర్ మీదే నిలబడి, అర నక్షత్రం అట్ట మీది బొమ్మకి అని ప్రకటించాను. అప్పుడు కదిలాయి బళ్లు."

"నేను ఆ దినం అటే పోయిన" అన్నాడు ఇస్హాక్. "వాన పడ్డదని జామ్ అయింది."

"వాన ఎందుకు పడింది? అది అడగవేం? నవలాకారుడి కన్నీళ్లు భాయ్, పైకి పోయి మబ్బై కురిశాయి."

"సార్," అన్నాడు దుర్గేష్, "నేను ఒక్క మాట..."

"అడుగుదువుగాని, ఉండు. అక్కడితో అయిందా? హైటెక్ సిటీలో ఒక కంపెనీ. పేరొద్దు, వాళ్లకి చిన్నతనం. నా సమీక్ష చదవడానికి వాళ్ల నాలుగు వేలమంది ఒకేసారి బ్లాగు తెరిస్తే సర్వర్లు సొమ్మసిల్లి పడిపోయాయి. అమెరికాలో క్లయింటు కంగారుపడి ఫోన్ చేశాడు. 'హూ ఈజ్ దిస్ నిక్కచ్చి?' అన్నాడు. కారు పంపించి నన్ను తీసుకెళ్లారు. 'అచ్యుతరావు గారూ, మా వాళ్ల అప్రైజళ్లు మీరే చేసిపెట్టండి, మీ అంత నిష్పక్షపాతంగా మా మేనేజర్లు చెయ్యలేకపోతున్నారు' అన్నారు. చేశాను. నాలుగు వేలమందికి మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా. సీఈఓకి మాత్రం రెండు ఇచ్చాను. ముందుమాట మరీ పొడుగు."

"మస్తు చేసిండ్రు సాబ్."

"ఇంకా వినలేదు నువ్వు. ఇన్ని నక్షత్రాలు పంచుతూపోతే ఎక్కడినుంచి వస్తాయి? ఒకరోజు ప్లానెటేరియం నుంచి ఫోన్. 'అయ్యా, సప్తర్షుల్లో వసిష్ఠుల వారు మూడు రోజులుగా డ్యూటీకి రావడం లేదు, మీ దగ్గరేమైనా ఉన్నారా?' అని. వెతికి చూస్తే నిజమే! తొందరలో ఒక పిల్లల పుస్తకానికి వేసేశాను. మహానుభావుడు, ఏడు పేజీల పుస్తకం మీద బుద్ధిగా కూర్చుని మెరుస్తున్నాడు. చెంపలేసుకుని, చీర కొంగు పట్టి మా ఆవిడ, నెయ్యి దీపం పట్టి నేను, మేడెక్కి సాగనంపి వచ్చాం."

కోచింగ్ పిల్లల్లో ఒకడు ఈల వేశాడు. కమలకుమారి ఒక్కతే నవ్వలేదు. ఆవిడ చాయ్ మీద మీగడ కట్టింది.

"నవ్వకండి, ఇప్పుడు చెప్పేది నవ్వేది కాదు." అచ్యుతరావు గారు చెప్పులు విడిచి బల్ల మీద బాసింపట్టు వేసుకున్నారు. "వసంత పంచమి నాడు. పూజలో కూర్చున్నాను. వీణ వినబడింది. కళ్లు తెరిస్తే సాక్షాత్తూ సరస్వతీ అమ్మవారు. 'అచ్యుతా, ఇన్ని యుగాల నుంచి నా చేతిలో పుస్తకం ఉంది. అందరూ అట్ట చూసి దణ్ణం పెట్టేవాళ్లే గానీ, విప్పి చదివి బాగుందనో లేదనో చెప్పినవాడు ఒక్కడు లేడు. నువ్వు చెప్పు, ఎన్ని నక్షత్రాలు?' అంది. ఇంకొకడైతే ఐదూ అక్కడే ధారపోసేవాడు. నేను? 'తల్లీ, నీ పాదధూళిని. కానీ చదవందే నక్షత్రం వెయ్యను. ఇటివ్వు' అన్నాను. ఇచ్చింది. చదివాను."

"మొత్తమా?" అన్నాడెవరో.

"మొత్తం. నాలుగున్నర ఇచ్చాను. నూట ఎనిమిదో అధ్యాయంలో చెప్పిందే మళ్లీ చెప్పారు, అందుకని అర కోశాను. అమ్మవారు నవ్వింది. వెనకాల బ్రహ్మగారు మాత్రం నాలుగు ముఖాలూ తిప్పుకున్నారు."

"జర ఆగుండ్రి రావు సాబ్" అన్నాడు ఇస్హాక్, గరిటె పైకెత్తి. "పుస్తకం మీకిచ్చింది. మరి గప్పటిదాక అమ్మ చేతిల ఏముండె?"

"మా ఆవిడ పెట్టిన కాఫీ. ఇంటికొచ్చిన తల్లిని ఖాళీ చేత్తో కూర్చోబెడతామా?"

సందంతా గొల్లుమంది. ఆ నవ్వు సద్దుమణిగే దాకా కమలకుమారి ఆగింది.

"బాగుందండీ" అంది. "ఇప్పుడు నా పుస్తకం సంగతి. పల్లె మట్టి వాసన అద్భుతమని రాశారు. నా కథల్లో మీకు పల్లె ఎక్కడ కనిపించింది?"

"పైకి కనబడదమ్మా, అంతర్లీనం. బండి, ఎద్దు, కాడి. నాకు మా తణుకు చేలు గుర్తొచ్చి కంటతడి..."

"ఆఖరి కథ ముగింపులో తొందరపడ్డానని కూడా రాశారు. ఏ పేజీలోనో చూపిస్తారని నిన్న ఫోన్లో పుస్తకం తెమ్మన్నాను. తెచ్చారా?"

"సంచీలోనే ఉంది. పేజీదేముంది..."

"పేజీ తర్వాత చూద్దాం. ముందు ఆ ఊది పొట్లం చేత్తో పట్టుకుని మొత్తం చదివానని చెప్పండి. చాలు. లేచి వెళ్లిపోతాను. మళ్లీ మిమ్మల్నీ అడగను, కథలూ రాయను."

అచ్యుతరావు గారి చెయ్యి జేబు దాకా వెళ్లింది. పొట్లం అంచు తగిలినట్టుంది, వెనక్కొచ్చి చాయ్ గ్లాసు పట్టుకుంది. గ్లాసు ఎప్పుడో ఖాళీ.

"ఇంత చిన్నదానికి దేవుణ్ని మధ్యలోకి లాగడం ఎందుకమ్మా" అన్నారు.

"ఇప్పటిదాక సరస్వతమ్మకు కాఫీ పోసిండ్రు గద సాబ్" అన్నాడు ఇస్హాక్.

ఎవరూ నవ్వలేదు. అచ్యుతరావు గారు సంచీలోంచి పుస్తకం తీశారు. అట్ట మీద బండి, ఎద్దు, పైన ఆవిడ పేరు. "చదివి చదివి నలిగిపోయింది చూడండి" అన్నారు. పుస్తకం నిన్ననే ప్రెస్సులోంచి వచ్చినట్టుంది. తెరుస్తుంటే కొత్త జిగురు పటపటమని విడింది.

తెరిచి, చూసి, మూశారు. మళ్లీ తెరిచారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏముంది సాబ్?"

దుర్గేష్ మెడ సాచి, పక్కనుంచి చదివాడు. "చాప్టర్ వన్. వాట్ ఈజ్ యాన్ ఆబ్జెక్ట్?"

కమలకుమారి లేచి నిలబడింది.

"గదే మేడమ్, ఇందాకట్నించి చెప్దామంటే సారు ఆగు తమ్మీ ఆగు తమ్మీ అంటుండు." దుర్గేష్ ఒళ్లో ఉన్న మెటీరియల్ ఆవిడ చేతికిచ్చాడు. అట్ట మీద కోర్ జావా అని ఉంది. లోపల మొదటి పేజీలో ఒంటెద్దు బండి, కథలు, కమలకుమారి. "మా ఇన్‌స్టిట్యూట్ మెటీరియల్ సుత మీ ప్రెస్సులనే కొడ్తరు. సైజు ఒక్కటే కద, బైండింగ్ల అట్టలు మారినయ్. వాపస్ ఇద్దామనే అనుకున్న. రెండు పేజీలు చదివినంక ఇయ్యబుద్ధి కాలే."

"అన్నీ చదివావా బాబూ?"

"పదకొండు కథలు. క్లాస్ల కూసొని చదివిన, అట్ట జావాదే గద, ఎవ్వరడగలే." అతను అచ్యుతరావు గారి వైపు చూశాడు. "సార్, ఒంటెద్దు బండి అంటే బండి కాదు. ఎర్రమంజిల్ ఆఫీసుల పాత లిఫ్టు. ఆడ మందంత దాన్ని గట్లనే పిలుస్తరంట."

అచ్యుతరావు గారు జావా పుస్తకం మీద అట్టనే చూస్తున్నారు. ఎద్దు కూడా ఆయన్నే చూస్తోంది.

"ఎలా ఉన్నాయి?" అంది కమలకుమారి. "మొహమాటం వద్దు. నువ్వు చెప్తే నమ్ముతాను."

దుర్గేష్ తల గోక్కున్నాడు. "ఆరో కథ నచ్చలే మేడమ్. గా ఫైలు తప్పిపోయేది. ఊకె సాగదీసిన్రు. ఫైలు బీరువా వెనక పడ్డదని నాకు రెండో పేజీలనే సమజైంది, మీరేమో తొమ్మిది పేజీలు దేవులాడిపిచ్చిన్రు. ఆఖరి కథల మాత్రం... గా లిఫ్టు నడిపే రాజనర్సయ్య రిటైరైన దినం, ఎవ్వరు ఎక్కకున్నా మూడో అంతస్తు దాక ఒక్కడే పోయి, తలుపు తీసి, ఎవరన్న వస్తరేమోనని నిలవడ్తడు సూడుండ్రి, ఆడ నాకు ఏడుపాగలే. మా సారు చూసి, ఇన్‌హెరిటెన్స్ అర్థం కాక ఏడుస్తుండు అనుకొని, పాఠం మళ్ల మొదట్నించి చెప్పిండు."

కమలకుమారి నవ్వింది. ఇందాకటి నుంచి దాచుకున్నదంతా ఒక్కసారే నవ్వింది. ఆపుకోలేక స్టూలు పట్టుకుని కూర్చుంది. తర్వాత హ్యాండ్‌బ్యాగులోంచి పెన్సిల్ తీసి, దుర్గేష్ పక్కకు జరిగి, ఆరో కథ తెరిచింది.

"ఎక్కణ్నుంచి సాగింది? గీత పెట్టు. రెండో పుస్తకంలో అలా రానివ్వను."

ఇద్దరూ తలలు వంచి గీతలు పెడుతుంటే ఇస్హాక్ ఆవిడ చల్లారిన చాయ్ పారబోసి వేడిది పెట్టాడు. కోచింగ్ పిల్లలు బల్ల ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా జరిగారు. అచ్యుతరావు గారి పక్కన చోటు ఖాళీ అయింది. ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, జేబులోంచి ఊది పొట్లం తీసి, చిటికెడు తన నుదుట పెట్టుకున్నారు. పుస్తకం సంచీలో పెట్టుకోబోతుంటే దుర్గేష్ తలెత్తాడు.

"సార్, గది నాకియ్యుండ్రి. సోమవారం ఎగ్జామ్ ఉంది. నేను సుత చదవలే."