ఆ మూల దుబ్బులు

మంచు ఇంకా విడలేదు. చెల్లెలు కనబడటం లేదని తెలిసి రావికమతం నుంచి పరుగున వచ్చిన అక్క, నరికేసిన చెరకు తోటలో చెల్లెలి మొగుణ్ని నిలదీసింది.

"నా సెల్లెలేదిరా?"

"ఎన్నిసార్లు సెప్పాలొదినా? నామీద అలిగి ఆటో ఎక్కి ఎల్లిపోయింది."

"ఇంత సలిలోనా? దాని శాలువా నీ ఇంట్లో దండెం మీదే ఉంది!"

"నాకేటి తెలుసు?"

"పోనీ ఇది సెప్పు. సెరుకు నరికేక దుబ్బులుంచితే మళ్లీ సిగురేస్తాయని సంటిపిల్లకీ తెలుసు. ఈ మూల దుబ్బులెందుకు పెకలించేవు?"

"తెగులొచ్చింది."

ఆమె చుట్టూ చూసింది. మిగతా తోటంతా పచ్చగా చిగురేసింది.

"తెగులు కూడా సరిగ్గా మనిషి పడుకునేంత మేరకే వచ్చిందేట్రా? తే ఆ పార!"