నాలుగో భుజం

బురదనేలలో కోసిన, పొయ్యిలోకి వాడే పీట్ గడ్డల్ని కోల్మన్ తుంపరలోనే ఆరబెడుతున్నాడు. రెండిళ్ల మధ్య కంచె తగాదా తర్వాత ఫింటన్ అతన్ని పలకరించడం ఇదే మొదలు.

"మా అమ్మ పోయింది."

"చర్చి గంట విన్నాను. మంచి చావేనా?"

"నిద్రలోనే. రేపు గుట్ట మీది శ్మశానానికి మోయాలి. ఆ దారిలో బండి ఎక్కదు. ఊళ్లో మోయగలిగినవాళ్లం ముగ్గురమే మిగిలాం."

"నా మొహం చూడనందిగా ఆవిడ."

"చివరిదాకా అదే మాట. నిన్ను గడప తొక్కనివ్వనని నాతో ఒట్టు కూడా వేయించుకుంది."

"మరెందుకొచ్చావ్?"



"ముగ్గురితో పెట్టె లేవదు, కోల్మన్."

కోల్మన్ చేతులకంటిన మట్టిని చాలాసేపు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"గడప తొక్కను. వాకిలి బయట రోడ్డు మీద నిలబడతా. అక్కడిదాకా మీ ముగ్గురూ ఎలాగోలా తీసుకురండి."